రొట్టెలో ఎడమ సగం

అమ్మ నామీద అలిగిందనే అనుకున్నాను. మెదడులో రక్తం గడ్డకట్టి ఎడమ చేయి, ఎడమ కాలు చచ్చుబడ్డాక, ఆళ్లగడ్డ ఇల్లు వదలనంటున్నా వినకుండా నంద్యాలకు మా ఇంటికి తెచ్చుకున్నాను. మంచానికి ఎడమ పక్కన నేను కూర్చుంటే ఇటు తల కూడా తిప్పేది కాదు. నేనడిగినదానికి కుడి పక్కనున్న మా ఆయనకు జవాబు చెప్పేది. కన్న కూతురు చేదు, అల్లుడు తీపి! నాకు ఒళ్లు మండిపోయేది.

నేను కాల్చిన జొన్నరొట్టె కూడా సగమే తినేది. అదీ కోపమే అనుకున్నాను. ఒకరోజు మా ఆయనతో, "ఏందప్పా, సగం రొట్టే పెడతాండారు? నాకు ఆకలి కాదా?" అంది. మిగతా సగం కంచంలో ఎడమ పక్కన అలాగే ఉంది. ఆయన ఊరిబిండి పచ్చడి వేస్తూ కంచం తిప్పాడు. "ఇంతసేపు దీన్ని యాడ దాచినారప్పా?" అంటూ అమ్మ గబగబా తినేసింది.

ఆసుపత్రికి తీసుకెళ్తే, కళ్లు బాగానే ఉన్నాయంది డాక్టరమ్మ. మెదడులో ఎడమవైపును పట్టించుకునే చోటు దెబ్బతిందట. అటుపక్క ఒకటుందన్న ఊహే రాదట, లేదన్న లోటూ తెలియదట.

కళ్లుంటే చాలు, అన్నీ కనబడతాయనే కదా నేననుకున్నది. ఇంటికొచ్చి అమ్మ ముందు పీట వేసి, జొన్నపిండి ముద్ద పెట్టాను. రొట్టె కూడా సగమే తడుతుందేమోనని భయం. ఆమె కుడి అరచేత్తో తడుతూ, తట్టినప్పుడల్లా కొంచెం తిప్పుతూ పోయింది. రొట్టె గుండ్రంగా వచ్చింది. తిరిగే రొట్టెకు ఎడమ పక్కంటూ ఎక్కడిది? చూడటం వేరు, పట్టించుకోవడం వేరు, చేతి అలవాటు వేరు. మనలో ఈ మూడూ అతుకు కనబడకుండా కలిసి ఉంటాయి కాబట్టి అంతా ఒకటే అనుకుంటాం. అమ్మలో ఆ అతుకు విడిపోయాకే నాకు తెలిసింది. తెలిసినందుకు సంతోషించలేకపోయాను.

నా కుర్చీ తీసుకెళ్లి కుడి పక్కన వేసుకున్నాను. అమ్మ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. పిండి చేత్తోనే నా చెంప పట్టుకుంది.

"ఇన్నాళ్లు యాడ పోయినావే? నామీద అలిగినావనుకుంటి."