ఐదిళ్ల జోలెలో ఆరో ఇల్లు

మా చిన్నప్పుడు... పీర్ల పండుగ రోజు పొద్దున, మా చెల్లెలు రత్న మెడలో ఎర్రదారం, భుజాన గుడ్డ జోలె. దాని చెయ్యి పట్టుకుని జమ్మలమడుగు వీధుల్లో నేను. దానికి ఐదేళ్లు, నాకు పదేళ్లు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్త రోజులవి...

అంతకుముందు వానాకాలంలో రత్నకు జ్వరం తగిలి ఇరవై రోజులు మంచం దిగలేదు. పిల్ల బతికితే ఫకీరు చేస్తానని అమ్మ పీర్లకు మొక్కుకుంది. మా వైపు హిందువుల ఇళ్లలోనూ ఈ మొక్కు మామూలే. ఫకీరైన పిల్ల ఐదిళ్లలో అడుక్కోవాలి. ఆ గింజలు వండి ఇంటిల్లిపాదీ తినాలి. ఒక్క గింజ పారేసినా మొక్కు చెల్లదని అమ్మ నమ్మకం.

ఏ ఐదిళ్లకు పోవాలో అమ్మ ముందురోజే చెప్పి, రెండుసార్లు నాతో అప్పజెప్పించుకుంది. రత్నకు చెప్పలేదు. దానికి చెప్పి ఏం లాభం? నోట్లో నాలుక లేని పిల్ల. ఎవరైనా పేరడిగితే చాలు, అమ్మ కొంగు వెనక దాక్కునేది. దాని బదులు జవాబులన్నీ నేనే చెప్పేదాన్ని... నేను ఒట్టి వాగుడుకాయను లెండి.

ఐదిళ్లూ అయ్యాయి. అడిగింది నేను, జోలె పట్టింది అది. తలా దోసెడు జొన్నలు పోశారు. ఇంటికి తిరిగి వస్తుంటే రత్న నా చెయ్యి విడిపించుకుని, నేరుగా పోయి మా మేనత్త గడప ముందు నిలబడింది.

ఆపుదామని వెనకాలే పరుగెత్తాను...

ఆ ఇంటికీ మా ఇంటికీ మాటలు లేవు. ఉన్నది మూడిళ్ల అవతలే. రత్న పుట్టిన రోజు చూడ్డానికి వచ్చిన అత్త, మళ్లీ ఆడపిల్లేనా అనేసి, పిల్లను చేతుల్లోకి కూడా తీసుకోకుండా వెళ్లిపోయిందట. ఆ రోజు నుంచి అమ్మ ఆ గడప తొక్కలేదు. సొంత అక్కకూ భార్యకూ మధ్య నాయన నలిగిపోయాడు. జొన్నలు విసిరే ప్రతిసారీ అమ్మ ఈ కథ ఎవరో ఒకరికి చెప్పేది. రత్న విసుర్రాయి పక్కనే కూర్చుని పిండితో ఆడుకునేది... ఆడుకుంటోందనే మేమంతా అనుకున్నాం.

అత్త బయటికి వచ్చింది. నేను నోరు తెరిచేలోపే రత్న జోలె చాపింది.

"అత్తా, నేను పుట్నప్పుడు మల్లా ఆడపిల్లేనా అంటివంట గదా. ఆ పిల్లను నేనే. జోలెలో ఎయ్యి."

దాని నోట అంత పొడుగు మాట నేనెన్నడూ వినలేదు. కోపం లేదు, ఏడుపు లేదు... ఎవరో పేరడిగితే చెప్పినట్టు చెప్పింది. అత్త లోపలికి పోయి చేటనిండా జొన్నలు తెచ్చింది. పోస్తుంటే కొన్ని కింద పడ్డాయి. వంగి, ఒక్కో గింజా ఏరి జోలెలో వేసింది.

ఇంట్లో చెప్పక తప్పలేదు. నా వీపు మీద రెండు పడ్డాయి, పెద్దదాన్ని కదా. తర్వాత అమ్మ జోలెను చేటలో గుమ్మరించి చూసింది. ఆరిళ్ల జొన్నలూ కలిసిపోయాయి... అందులో అత్తవి ఏవో ఎవరు చెప్పగలరు? పారేద్దామంటే పిల్ల ప్రాణం కోసం మొక్కిన మొక్కు. వండుదామంటే ఐదేళ్ల పంతం.

"యాడ ఇన్న్యావే ఆ మాట?" అని రత్నను అడిగింది.

"నువ్వే చెప్తాంటివి గదమ్మా, ఇసురుతా ఇసురుతా."

అమ్మ ముఖం తెల్లబోయింది. ఐదేళ్లుగా తన ఒళ్లో పెరిగిన పిల్లను అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. నాయనతో మెల్లగా అంది.

"దీనికి అన్నం పెట్టి పెంచుతాండాననుకుంటి. ఇది నా మాటలన్నీ తిని పెరుగుతాండాది."

అమ్మ ఆ జొన్నలు తీసుకుని విసుర్రాయి ముందు కూర్చుంది. ఆ రోజు విసిరినంతసేపూ ఒక్క మాట మాట్లాడలేదు. నాకైతే భయం వేసింది.

సంగటి వండి అందరికీ పెట్టింది, తానూ తినింది. తర్వాత ఒక ముద్ద గిన్నెలో పెట్టి, రత్నను వెంటబెట్టుకుని మూడిళ్ల అవతలికి నడిచింది. వెనకాలే నేనూ... చూడకుండా ఉండగలనా? మొక్కు సంగటి వదినా, అని మాత్రం అంది అమ్మ. అత్త గిన్నె కింద పెట్టి రత్నను ఎత్తుకుంది. ఐదేళ్ల పిల్ల, కాళ్లు కిందికి వేలాడుతున్నాయి. అయినా చంటిబిడ్డను పట్టుకున్నట్టు తల కింద చెయ్యి పెట్టి పట్టుకుంది.

ఆ తర్వాత రత్న మళ్లీ మౌనంలోకి పోయిందనుకునేరు... మా ఇంట్లో నాకు మాట్లాడే వంతే రాలేదు!

ఇప్పుడు ప్రొద్దుటూరులో మా ఇంటికి పిండి ప్యాకెట్లలో వస్తుంది. విసుర్రాయీ లేదు, దాని పక్కన కూర్చునే పిల్లా లేదు. మాటలు లేని ఇళ్లు మాత్రం అప్పటికన్నా ఎక్కువే ఉన్నాయి... వాటి గడప ముందు జోలె చాపేవాళ్లే లేరు.

మీ ఇంట్లోనూ ఉండేదా, ఏమీ ఎరగనట్టు పక్కనే కూర్చుని అన్నీ విన్న పిల్ల? ఏ రోజు నోరు విప్పింది? ఆ పిల్ల మీరే అయితే... ఇంకా చెప్పకుండా దాచుకున్న మాటేదైనా ఉంటే, ఇక్కడ చెప్పండి.