పంపింది నువ్వేనా?

వాసంతి అత్తయ్య చివరిగా చేసిన పని నాకు ఫోన్ చేసి, నేను పంపిన ఫైలు నేనే పంపానా అని అడగడం.

"నేనే అత్తయ్యా. మొన్నటి పెళ్లి ఫోటోలు."

"గొంతు నీదే. కానీ ఈ రోజుల్లో గొంతులు కూడా తయారుచేస్తున్నారట. పొద్దున ఏం తిన్నావు?"

"ఇడ్లీ."

"ఎక్కడ?"

"ఆఫీసు క్యాంటీన్లో."

"సరే, నువ్వేరా శ్యామూ. ఇడ్లీ గురించి ఇంత నీరసంగా ఇంకెవరూ చెప్పలేరు. తెరుస్తున్నా."

ఆ మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చింది. మళ్లీ లేవలేదు. ఫోటోలు చూసిందో లేదో తెలియదు. స్కాన్ మాత్రం చేసే ఉంటుంది.

అత్తయ్యకి ఉన్న పిచ్చి అదొక్కటే. చందానగర్ ఫ్లాట్‌లో ఉన్న తన కంప్యూటర్‌లోకి వైరస్ రాకూడదు. భీమవరంలో తపాలా ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. పంపినవారి చిరునామా లేని కవరును అనుమానంగా చూసే అలవాటు ఉద్యోగంతో పోలేదు. వచ్చిన ప్రతి ఫైలునూ 'గుమ్మం' అనే ఫోల్డర్‌లో నిలబెట్టేది. పంపినవాళ్లకి ఫోన్ చేసేది. వాళ్లు వాళ్లేనని తేలాక యాంటీవైరస్‌కి చూపించి, అప్పుడు 'నట్టిల్లు' అనే ఫోల్డర్‌లోకి రానిచ్చేది. సొంత మేనల్లుణ్ణయినా నాకూ గుమ్మం తప్పలేదు.

ఒకసారి తెర మీద ఎర్రగా హెచ్చరిక వచ్చింది. 'మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, తొలగించడానికి ఇక్కడ నొక్కండి.' నేను నోరు తెరిచేలోపే అత్తయ్య ఆ హెచ్చరిక మూసేసి ఇంటర్నెట్ తీగ పీకేసింది.

"మా ఇంట్లో దొంగ దూరాడని వీధిలో పోయేవాడికెలా తెలుసురా? వాడే దొంగ."

మాదాపూర్‌లో మా కంపెనీ ఇదే ముక్క చెప్పడానికి మాకు రోజంతా శిక్షణ ఇచ్చింది.

ఇంట్లో ప్రింటర్ ఉండడంతో చుట్టుపక్కల వాళ్లందరూ కాగితాలు అత్తయ్యకే పంపేవాళ్లు. కింద గేటు దగ్గర కూర్చున్న వాచ్‌మన్ ఎల్లేశం ఆధార్ కార్డు పంపితే, పై నుంచి ఫోన్ చేసేది.

"పంపింది నువ్వేనా?"

"నేనేనమ్మా. కిటికీల కెల్లి జూడు, చెయ్యి ఊపుతున్న."

"చెయ్యి ఎవడైనా ఊపుతాడు. పొద్దున ఏం తిన్నావు?"

"నువ్విచ్చిన దోసెనే గదమ్మా."

"ఏ పచ్చడితో?"

"అల్లం పచ్చడి. జర కారం ఎక్కువైంది."

"నువ్వే. పైకి రా."

ఒక ఆదివారం నేనుండగా స్రవంతి ఫైలు వచ్చింది. వెనక వీధి హాస్టల్లో ఉండే సిద్దిపేట అమ్మాయి. ఉద్యోగం పోయింది, ఇంట్లో చెప్పలేదు. ఆ నెలాఖరులోగా ఇంకొకటి దొరక్కపోతే గది ఖాళీ చేసి ఊరెళ్లిపోవాలి. ప్రతి ఇంటర్వ్యూకీ బయోడేటా మార్చి అత్తయ్యకి పంపేది.

"పంపింది నువ్వేనా? పొద్దున ఏం తిన్నావు?"

"ఏం తినలే ఆంటీ."

"అయితే నువ్వు స్రవంతివని నమ్మకమేంటి? వచ్చి ముఖం చూపించు. అప్పటిదాకా నీ ఫైలు గుమ్మంలోనే ఉంటుంది."

పాపం ఆ అమ్మాయి పరుగున వచ్చింది. అత్తయ్య ముఖం పరీక్షగా చూసి, కుర్చీ లాగి, పెసరట్టు ముందు పెట్టింది.

"స్కాన్ అవుతోంది. అందాకా తిను."

రెండో అట్టు పడింది. స్కాన్ అవుతూనే ఉంది. నేను ఆగలేకపోయాను.

"అత్తయ్యా, ఒక్క పేజీ ఫైలు. రెప్పపాటులో అయిపోతుంది."

"మీ ఆఫీసు కంప్యూటర్లకి తొందరెక్కువ. నాది నిదానంగా, మర్యాదగా చూస్తుంది. నీకూ అట్టు వెయ్యనా, నోరు మూసుకుంటావా?"

నేను రెండూ చేశాను. స్రవంతి పళ్లెం ఖాళీ అయ్యాక, "వైరస్ లేదట" అని కాగితం చేతికిచ్చింది. ఆ నెలాఖరులోపే మాదాపూర్‌లో స్రవంతికి ఉద్యోగం వచ్చింది. అత్తయ్య వెంటనే నమ్మలేదు. ఆఫర్ లెటర్ కూడా స్కానయ్యాకే పాయసం వండింది.

అత్తయ్య పెద్దకర్మ రోజున స్రవంతి వచ్చింది. భోజనాలయ్యాక ఆ కంప్యూటర్ ముందు నిలబడ్డాం. ఏదో ఒకటి మాట్లాడాలని, "ఇది తీసేస్తే ఇక్కడివాళ్లకి ప్రింట్లు ఎలాగో" అన్నాను.

"ప్రింట్లకి ఈ కంప్యూటర్‌తోని పనే లేదన్నా. ఆ ప్రింటర్‌కి ఫోన్ల కెల్లి సీదా పంపొచ్చు. ప్రింట్లకి రావడం మొదలుపెట్టిన వారంలనే ఆంటీకి చెప్పిన."

"ఏమంది?"

స్రవంతి నవ్వు ఆపుకుంటూ అత్తయ్య గొంతు తెచ్చుకుంది.

"'తెలుసమ్మా, కొన్న రోజే షాపతను చూపించాడు. మా శ్యాముకి మాత్రం చెప్పకు. కంప్యూటర్లే చదివాడు, తనకి తట్టలేదని చిన్నబుచ్చుకుంటాడు' అన్నరు."