క్లినిక్‌లో నేను మింగేసిన మాట

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. గొంతు పెంచి చెప్పగలిగే సంగతి కాదిది.

1984. న్యూజెర్సీలో, ప్లెయిన్స్‌బరోకి దగ్గర్లోని ఆడవాళ్ళ క్లినిక్‌లో నర్సింగ్ ఎయిడ్‌ని. అంటే పేషెంటుకి గౌను ఇవ్వడం, బల్ల మీద పడుకోబెట్టడం, డాక్టరమ్మకి సామాను అందించడం. నా చదువు ఎనిమిదో తరగతి. అయినా తెలుగువాళ్ళు వస్తే ఆవిడ మాట వాళ్ళకీ, వాళ్ళ మాట ఆవిడకీ చెప్పేది నేనే.

ఒక మంగళవారం మా చర్చి అమ్మాయి వచ్చింది. పేరు సువార్త అనుకుందాం. ఆమె భర్త ఆదివారాలు పాటలు నడిపిస్తాడు, నన్ను నోరారా అక్కా అని పిలుస్తాడు.

"కింద ఏవో లేచాయక్కా. నొప్పి లేదు, గరుగ్గా తగులుతున్నాయి. కొత్త సబ్బు పడలేదేమో అనుకున్నా," అంది గోడవైపు చూస్తూ.

డాక్టరమ్మ చూసి జెనిటల్ వార్ట్స్ అంది. ఉలిపిరికాయల్లాంటివే, కాని ఆ చోట వచ్చేవి కలయికలో ఒకరి నుంచి ఒకరికి అంటుకునే వైరస్ వల్ల వస్తాయి. గర్భం లేదని తేల్చుకున్నాక పొడోఫిలిన్ అనే గోధుమరంగు మందు తనే పూసింది.

"నాలుగు గంటలు ఆగి కడిగేసుకోమను. వారం వారం రమ్మను. భర్తని కూడా చూపించుకోమను. ఎవరి నుంచి, ఎప్పుడు వచ్చిందో చెప్పలేం. ఏళ్ళ తరబడి కనపడకుండా ఉండొచ్చు. తగ్గినా మళ్ళీ రావచ్చు, ఆమె తప్పు కాదని చెప్పు."

మొదటి రెండూ చెప్పాను. అంతలో నన్ను అక్కా అని పిలిచే ఆమె భర్త ముఖం కళ్ళముందు మెదిలింది. మిగతాది నోరు దాటలేదు.

"ఎందుకొచ్చాయక్కా?"

"ఒళ్ళు వేడి చేసిందమ్మా. మజ్జిగ తాగు. ఎవరితోనూ అనకు."

"అంతా చెప్పావా?" అని డాక్టరమ్మ అడిగితే తలూపాను.

మూడు వారాల్లో ఎండి రాలిపోయాయి. మరి కొన్ని నెలలకి, చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ఆదివారం, పళ్ళెం సువార్త దాకా వచ్చింది. తను తీసుకోకుండా నాకు అందించేసింది. పాపం చేశామనుకున్నవాళ్ళే అలా వదిలేస్తారు. ఆరాధన అయ్యాక చర్చి వంటగదిలో పట్టుకుని అడిగాను.

"మళ్ళీ లేచాయక్కా. ఎవరితో అనొద్దన్నావుగా, అప్పుడే అర్థమైంది. నేనేదో పాపం చేసుంటేనే ఇలాంటిది వస్తుంది. ఎంత తలచుకున్నా అదేంటో తేలట్లేదు. ఏ ముఖం పెట్టుకుని క్లినిక్‌కి రాను?"

మింగినదంతా అక్కడే కక్కేశాను.

"అయితే ఆయన పరువు కాపాడావన్నమాట. మరి నేను?" అంది.



మర్నాడు డాక్టరమ్మకీ నిజం చెప్పాను. "చెప్పలేకపోతే చెప్పలేనని నాతో అను, ఇంకొకరిని పిలుస్తాను," అంది. తిట్టినా బాగుండేది.

ఆ వారమే భార్యాభర్తలిద్దరూ వచ్చారు. అతను మగవాళ్ళ డాక్టరుకి చూపించుకుంటే, మామూలు ఉలిపిరికాయలనుకుని వదిలేసినవి రెండు బయటపడ్డాయట. ఆమెకి గర్భసంచి ముఖం దగ్గర క్యాన్సర్ జాడ చూసే పాప్ టెస్ట్ కూడా చేశారు, బాగానే ఉంది. ఇద్దరికీ మందు మొదలైంది.

నేను అలవాటుగా సువార్త వెంట గదిలోకి నడవబోయాను. తలుపు దగ్గరే ఆపింది.

"నువ్వు బయటుండక్కా. వచ్చీరాని ఇంగ్లీషులో నేనే మాట్లాడుకుంటాను."

తలుపు వేసుకుంది. లోపలినుంచి ఒక్కో మాటా తడుముకుంటూ అడగడం వినిపించింది. ఒకరి ఒంటి సంగతి మోసే నోటికి తన సిగ్గు అడ్డం రాకూడదని ఆ కారిడార్‌లో నిలబడి నేర్చుకున్నాను.

మీ ఇంట్లో ఎవరికే జబ్బు చేసినా దాచుకోవలసిన అవసరం రాకూడదు. అడిగితే నిజం చెప్పేవాళ్ళు మీకెప్పుడూ దొరకాలి. చల్లగా ఉండండి తల్లీ, పిల్లాపాపలతో.