చుట్టపెట్టె గిటారుకి మా బావ కట్టిన ధర

మా బావ గిటారుకి ధర కట్టే పూట ఇంట్లో నా కుట్టుమిషన్ ఆగిపోవాలి. కుళాయి కట్టేయాలి. కిటికీ తలుపులు మూసేయాలి. మా అక్క పొయ్యి మీద ఏది ఉన్నా దించేసి, తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడేది. నేను మాత్రం నోట్లో సూది పెట్టుకునే, "కానీ బావా కానీ, అవతల జాకెట్టు కోసం ఒకావిడ నా ప్రాణం తీస్తోంది" అని సణిగేదాన్ని. ఆయన నా వైపు చూసేవాడు కూడా కాదు.

బావ కుర్చీలూ బల్లలూ చేసే కార్ఖానాలో పాలిష్ పనివాడు. కార్ఖానా మూతపడ్డాక మొదట్లో ఇంట్లో ఉన్న తలుపులన్నీ ఊడదీసి, చిత్రిక పట్టి, మళ్లీ బిగించాడు. బిగించడానికి తలుపులు అయిపోయాక గోడ వైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాడు. అన్నం తినమంటే తినేవాడు, లేవమంటే లేచేవాడు, అంతే. మనిషి ఎదురుగా ఉండగానే ఇల్లు ఖాళీ అయిపోయినట్టుండేది.

అప్పుడే మూలమీది పొగాకు కొట్టువాడు ఖాళీ చుట్టల పెట్టెలు చెత్తలో పడేస్తుంటే బావ ఒకటి అడిగి తెచ్చుకున్నాడు. పల్చటి దేవదారు చెక్క. విరిగిన మంచం పట్టెని చెక్కి దానికి మెడగా బిగించాడు. మూతకి గుండ్రంగా రంధ్రం కోశాడు. తీగల కింద ఆసరాకి లావుపాటి బోల్టు పెట్టి, మూడంటే మూడే తీగలు లాగి కట్టాడు. నేను నవ్వాను. "ఏం బావా, ఈ వయసులో బొమ్మలాటా?" అన్నాను. ఆయన లావు తీగ ఒకటి మీటాడు. నా నవ్వు ఆగిపోయింది. చుట్టలు దాచుకునే పెట్టెలో అంత గొంతు ఎక్కడ దాగుందో నాకు అర్థం కాలేదు.

అలా మొదలైంది. ఆదివారం బజారులో నా పాతబట్టల దుకాణం పక్కనే ఒక తాడు కట్టి గిటార్లు వేలాడదీసేవాడు. ధర దగ్గరే మాకు రోజూ గొడవ. బజారులో అందరూ సరుకు ఖర్చు వేసుకుంటారు, కూలి వేసుకుంటారు, పైన కాస్త లాభం వేసుకుంటారు. ఈయనకి ఆ లెక్క గిట్టదు.

"పెట్టె ఊరికే వచ్చింది, పట్టె ఊరికే వచ్చింది. ఇంక ఖర్చేముందే?" అనేవాడు.

"మరి నీ కష్టమో?"

"నా కష్టాన్ని కొనేవాడు ఏం చేసుకుంటాడు? వాడు కొనుక్కునేది దాని మోతని."

అందుకే ఆ తతంగమంతా. ఇల్లు నిశ్శబ్దమయ్యాక గిటారు ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, లావు తీగ ఒక్కసారి మీటేవాడు. మోత సన్నబడి సన్నబడి పూర్తిగా అణిగిపోయిందనుకున్నాక అరచేత్తో తీగలు నొక్కేసి, పెన్సిల్ తీసి చీటీ మీద ధర రాసేవాడు. మోత ఎక్కువసేపు నిలిస్తే ఎక్కువ ధర, తొందరగా ఆగితే తక్కువ. రాసిన తర్వాత దేవుడు దిగొచ్చినా మార్చడు. చూడ్డానికి నిగనిగలాడుతున్నదాన్ని ఎవరైనా మోజుపడితే, "దానికి గొంతు లేదు, పక్కది తీసుకో" అని చెప్పి బేరం చెడగొట్టుకున్న మహానుభావుడు.

కొన్నేళ్లు బాగానే గడిచింది. తర్వాత ధరలు దిగడం మొదలయ్యాయి. ఒకదానికంటే ఒకటి తక్కువ. చివరికి తీగల ఖర్చు కూడా రాని ధరలు రాసి కట్టేవాడు. కొనేవాళ్లు కారుచౌకగా దొరికాయని చంకలు గుద్దుకుంటూ పట్టుకుపోయేవాళ్లు. నాకు ఒళ్లు మండిపోయేది. "దానం చేస్తున్నావా, వ్యాపారం చేస్తున్నావా?" అని బజారులోనే అరిచాను. బావ కోప్పడలేదు. తన చేతులు రెండూ తిప్పి చూసుకున్నాడు.

"చేతులు పోయాయే. ఎలా చేసినా పలకడం లేదు. ఉన్న పెట్టెలు అవగొట్టి మానేస్తాను."

మాటవరసకి అన్నాడేమో అనుకున్నాం. కానీ చిత్రికపట్టే పనిముట్టు ఒకరికి ఇచ్చేశాడు. ఉలులన్నీ పక్కవీధి వడ్రంగికి ఇస్తానని మాటిచ్చేశాడు. ఆ రాత్రి అక్క అన్నం కలిపి కలిపి వదిలేసింది. "మళ్లీ గోడ వైపు తిరిగి పడుకుంటాడే" అంది. అప్పటికంటే ఇప్పుడు వయసు మీద పడింది. ఈసారి పడుకుంటే లేవడని తన భయం. నా భయమూ అదే.

అలాంటి రోజుల్లో స్టేషన్ మెట్ల దగ్గర పాడుకునే అమ్మాయి ఇంటికి వచ్చింది. బావ చేసినవాటిల్లో అన్నిటికంటే ఎక్కువ ధర పలికిన గిటారు ఆమెదే. ధర తగ్గించమని అడిగి కొన్న రోజు ఆయన చేత చివాట్లు కూడా తిన్నది. ఇప్పుడు దాని తీగ బిగించే బిరడా ఒకటి జారిపోతోందని తెచ్చింది. బావ కొత్త బిరడా చెక్కి బిగించాడు. ఆమె తీగలు సరిచేసుకుంది. బావ ఒకసారి వింటానన్నాడు. అలవాటు కొద్దీ నేను మిషన్ ఆపాను. గిటారు ఆమె ఒళ్లోనే ఉంది. బావ ముందుకి వంగి లావు తీగ మీటి కళ్లు మూసుకున్నాడు.

కాసేపటికే కళ్లు తెరిచాడు. "పాపం, ఇది కూడా చచ్చిపోయిందమ్మా. నీ దగ్గర ఎక్కువ తీసుకున్నాను. తేడా డబ్బు తిరిగిచ్చేస్తాను" అన్నాడు.

ఆమె హాస్యమనుకుని నవ్వింది. "అదేంటి బాబాయ్? వాయించే కొద్దీ దీని గొంతు విచ్చుకుంటోంది కదా!"

నేను నవ్వలేదు. బావ చచ్చిపోయిందన్నప్పుడు ఆ తీగ ఇంకా మోగుతూనే ఉంది. సన్నగా, తేటగా గది అంతా ఉంది ఆ మోత. ప్రతిసారీ ఆయన అరచెయ్యి తీగల మీద పడిపోయేది కాబట్టి మిగతాది ఎవరం వినలేదు. గుమ్మంలో అక్క కూడా తల వంచి దాన్నే వింటోంది.

ఇన్నాళ్లూ ఎలా తెలియలేదని మీరు అడగొచ్చు. మా బావ పిలిస్తే పలకడమన్నది పెళ్లైన కొత్తలో తప్ప ఎవరూ చూడలేదు. రెండోసారి పిలవాలి, మూడోసారి అరవాలి. అది ఆయన తీరు అనుకుని బతికేశాం.

ఆ అమ్మాయి వెళ్లాక వంటింట్లో అక్కా నేనూ గుసగుసలాడుకున్నాం. గుసగుసలెందుకో మాకే తెలియదు.

"చెప్పేద్దాం అక్కా. చేతులు లక్షణంగా ఉన్నాయి, వినపడకపోవడమే అసలు సంగతి అని చెప్పేద్దాం."

"నీకేం, నోటికొచ్చింది అనేస్తావు. చేతులు పోయాయని ఏడుస్తున్న మనిషికి చెవులు పోయాయని చెప్పమంటావా? ఆయనకి ఏది ఎక్కువో నాకు తెలీదే. ఇన్నేళ్లు కాపురం చేశాను, తెలీదు" అంది అక్క. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. గిన్నెలు అవసరం లేకపోయినా తోమాను.

వడ్రంగి ఉలులకి వస్తానన్న రోజు ఆఖరి గిటారు తయారైంది. దానికీ ధర కట్టాలి కదా. మిషన్ ఆపాను. కిటికీ మూశాను. ఈసారి అక్క గుమ్మంలో నిలబడలేదు. వచ్చి ఆయన ఎదురుగా నేలమీద కూర్చుంది. బావ వింతగా చూసి మీటాడు. కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి అరచెయ్యి తీగల మీదికి వెళ్లబోయింది. అక్క ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

బావ కళ్లు తెరిచాడు. "అయిపోయింది కదే, వదులు" అన్నాడు.

"లేదండీ" అంది అక్క, ఆయన కళ్లలోకి చూస్తూ, ఒక్కో మాటా గట్టిగా. "ఇంకా మోగుతోంది."

ఆయన రెండో చేత్తో మళ్లీ మీటాడు. విన్నాడు. "అయిపోయింది."

"ఇంకా మోగుతోంది."

మూడోసారి మీటి, నా వైపు తిరిగాడు. నా నోరు ఎప్పుడూ ఊరుకోదని ఆయనకి తెలుసు. నేను అబద్ధం చెప్పనని కూడా తెలుసు. నేను తల ఊపాను. అవును బావా, మోగుతోంది.

బావ చేతులు ఒళ్లో పెట్టుకుని, అరచేతులు చూసుకున్నాడు, వెనక్కి తిప్పి చూసుకున్నాడు. "అయితే నేను చౌకగా తగలేసినవన్నీ?" అన్నాడు.

"అన్నీ బాగున్నాయండీ. అన్నీ."

"చేతులు పోలేదన్నమాట."

"పోలేదు."

బావ ఏడ్చాడు. మా నాన్న పోయిన రోజున పాడె మోస్తూ కూడా ఏడవని మనిషి, చేతులు మొహానికి అడ్డం పెట్టుకుని భుజాలు అదిరేలా ఏడ్చాడు. అది దుఃఖమో ఊరటో నాకు తెలియలేదు. రెండూ అయి ఉంటాయి. నేను మిషన్ మీద తల వాల్చి, కుడుతున్న జాకెట్టు గుడ్డతోనే కళ్లు తుడుచుకున్నాను.

ఇంతలో వడ్రంగి వచ్చి గుమ్మంలో నిలబడి, "అన్నా, ఉలులు" అన్నాడు. బావకి వినపడలేదు. నేను చెయ్యెత్తి అటు చూపించాను. బావ అతన్ని చూసి, "ఇవ్వను" అన్నాడు, అంతే. వడ్రంగి మా ముగ్గురి మొహాలూ చూసి, ఏమనుకున్నాడో పాపం, చప్పుడు చేయకుండా వెళ్లిపోయాడు.

బావ మొహం కడుక్కుని వచ్చి గిటారు మళ్లీ ఒళ్లోకి తీసుకున్నాడు. "నువ్వు విను. ఆగిపోయాక ధర నువ్వే చెప్పు" అన్నాడు అక్కతో. ఆయన మీటిన ఏ గిటారుకీ ధర చెప్పే హక్కు అక్కకి అంతవరకు లేదు. తను కంగారుపడింది. బావ మీటాడు. ఈసారి కళ్లు మూసుకోలేదు. మీటిన దగ్గర్నుంచి అక్క మొహాన్నే చూస్తూ కూర్చున్నాడు. అక్క తల కాస్త పక్కకి వాల్చి వింది. మోత సన్నబడుతూ ఉంటే తన కళ్లు మెల్లమెల్లగా నిండాయి. అది పూర్తిగా ఆగిపోయాక ఊపిరి పీల్చుకుని, భయం భయంగా ఒక అంకె చెప్పింది.

బావ తల అడ్డంగా ఊపాడు.

"తక్కువ చెప్పావు. ఇప్పటిదాకా నీ మొహం చూస్తూనే ఉన్నాను కదే" అని, దానికి రెట్టింపు రాసి, చీటీ బిరడాకి కట్టేశాడు.