మధ్యాహ్నం పాతిన రాయి

నాకు ముక్కు మీద కోపం. ఈ మాట మా ఇంట్లో అందరూ అంటారు, నేనూ కాదనను. పొద్దున వచ్చిన కోపం మధ్యాహ్నం అన్నాల వేళకి పోతుంది. కానీ ఆ వేసవిలో వచ్చిన కోపం ఇంతవరకూ చల్లారలేదు. చల్లారాలని నాకూ లేదు.

రేపల్లె దాటాక మా పిన్నికి అరెకరం పొలం ఉంది. పిన్ని అంటే మా అమ్మ సొంత చెల్లెలు. పాతికేళ్ళు ఇంకొకళ్ళ చేలల్లో నాట్లు వేసి, కలుపు తీసి, బాబాయి బతికుండగా ఇద్దరూ కలిసి కొనుక్కున్న అరెకరం అది. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్ళే మా చుట్టాలందరిలో తన పేర భూమి రాయించుకున్న మొదటి మనిషి ఆవిడే. ఆ చేనుకి పంట బోదె అనే పిల్లకాలవ నుంచి ఒక తూము గుండా నీళ్ళు వస్తాయి. తూమంటే ఏం లేదు, గట్టు పక్కన పాతిన సిమెంటు గొట్టం. గట్టుకి అడుగున్నర ఇవతల, పిన్ని వైపు ఉండేది.

మార్చిలో సర్వే వాళ్ళు వచ్చారు. కర్ర మీద బిగించిన శాటిలైట్ మిషన్‌తో కొలిచి, అప్పటికప్పుడు కొత్త సరిహద్దు రాయి పాతి వెళ్ళారు. ఆ రాయి పాత గట్టుకి రెండడుగులు పిన్ని వైపుకి పడింది. కోసేసిన చేలో రాయి కాస్త ఇటో అటో ఉంటే ఏంటని పిన్ని పట్టించుకోలేదు. కాలవలకి నీళ్ళు వదిలే రోజులు దగ్గరపడ్డాక పక్క చేనాయన తూము మాట ఎత్తాడు. రాయి ప్రకారం తూము తన వైపుకి వచ్చింది కాబట్టి, తన మడి తడిశాకే కిందికి నీళ్ళు వదులుతానన్నాడు. గొడవ మనిషి కాదాయన, నెమ్మదిగానే చెప్పాడట.

పిన్ని ఫోన్ చేసినప్పుడు నేను తెనాలి స్టేషన్లో బాపట్ల పాసింజరు కోసం నిలబడి ఉన్నాను. రెండడుగులే కదా పిన్నీ అనేశాను. ఆ మాటకి ఇప్పటికీ సిగ్గుపడతాను.

"రెండడుగులు పోతే పోయాయి లేవే. నీళ్ళు పోయినయ్. ఆయన చేను తడిసేసరికి నా నాట్ల అదను దాటిపోద్ది. మళ్ళా ఇంకోళ్ళ చేలో వంగమంటావా నన్ను?"

ఎప్పుడు కొలిచారని అడిగాను. మట్టల ఆదివారానికి ముందు గురువారమని చెప్పింది. అన్నాలు తిన్నాక, రెండు దాటిందట. మిషన్ పట్టుకున్నాయన విసుక్కుంటూ చాలాసేపు నిలబడ్డాడట. రైలొచ్చింది. ఎక్కి కూర్చుని, ఫోన్లో క్యాలెండర్ తీసి ఆ గురువారం ఏ తారీఖో చూసుకున్నాను. నమ్మలేక మళ్ళీ చూసుకున్నాను.

ఎందుకో తెలియాలంటే నా పని గురించి చెప్పాలి. బాపట్లలో మా కాలేజీ మేడ మీద పుట్టగొడుగులాంటి తెల్లటి యాంటెన్నా ఒకటుంది. ఎనిమిదేళ్ళుగా దాని బాగోగులు చూసేది నేనే. దారి చూపించే ఉపగ్రహాల సిగ్నళ్ళని అది పట్టుకుంటుంది. తామెక్కడున్నారో తెలుసుకోడానికి అందరికీ ఆ సిగ్నల్ కావాలి. నాకేమో అది వచ్చే దారిలో ఏం తగిలిందో కావాలి. విమానాలు తిరిగే ఎత్తుకి ఎంతో పైన, ఎండలోని చురుకైన కిరణాలకి గాలి చిట్లి, విద్యుత్ కణాలు నిండిన పొర ఒకటి తయారవుతుంది. దాన్ని దాటేటప్పుడు సిగ్నల్ రవ్వంత ఆలస్యమవుతుంది. ఉపగ్రహం రెండు రకాల తరంగాలు పంపుతుంది, అవి రెండూ వేరువేరుగా ఆలస్యమవుతాయి. ఆ తేడాని బట్టి పైన పొర ఎంత చిక్కగా ఉందో లెక్క కట్టి గీతగా గీస్తాను. మన వైపు అది మధ్యాహ్నం రెండు గంటలప్పుడు బాగా చిక్కబడుతుంది, మార్చిలో మరీను. అలాంటి వేళ నేల మీద కొలిచే మిషన్ పొరపాటు పడవచ్చు. పడినట్టు ఒక్కోసారి దానికే తెలియదు.

ఆ తారీఖు నాకు కంఠతా వచ్చు. సూర్యుడిలో రేగిన అలజడికి ఆ మధ్యాహ్నం పై పొరంతా కుతకుతలాడింది. నా ఎనిమిదేళ్ళలో అంత అందమైన గీత ఎప్పుడూ రాలేదు. ఏప్రిల్లో ఒక సదస్సులో దాన్ని తెర మీద వేసి చూపిస్తే చప్పట్లు కొట్టారు. నేను కొత్త చీర కట్టుకుని వెళ్ళాను. సరిగ్గా ఆ గీత ఎగిరిపడిన వేళకే మా పిన్ని చేలో రాయి పాతారు.

మర్నాడే పిన్నితో రేపల్లె సర్వే ఆఫీసుకి వెళ్ళి, మళ్ళీ కొలవమని అర్జీ పెట్టాం. తీసుకున్న గుమాస్తా తలెత్తి కూడా చూడలేదు. మనిషి కొలిస్తే అనుమానపడాలి గానీ, శాటిలైట్ కొలిచాక అర్జీ ఏంటమ్మా అన్నాడు. మరీ అంతగా ఉంటే తెలిసిన పెద్దవాళ్ళ చేత రాయించుకు రమ్మన్నాడు. పిన్ని చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఆవిడ అలా నిలబడటం చూసి నాకు ఒళ్ళు మండిపోయింది.

బాపట్లలో మా విభాగం పెద్ద సారుకి గీత చూపించి, రెండు వాక్యాలు రాసి సంతకం పెట్టమన్నాను. ఆ వేళ మన దగ్గర పై పొర ఇలా ఉంది, కొలత తప్పే అవకాశం ఉంది, ఇంతే. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"మనం గాలి చదివేవాళ్ళం అమ్మా. పొలాల గొడవ మనకెందుకు?"

నోరు పారేసుకున్నాను. ఆ గాలి కింద ఉన్నవి పొలాలు కావా సార్ అని అడిగాను. పక్క గదిలో వాళ్ళు కూడా విన్నారట. చప్పట్లు కొట్టిన ఆ గీత కింద మొదటి పేరు ఆయనదే. ఈ కాగితం కింద మాత్రం ఆయన పెన్ను కదల్లేదు. చివరికి నేనే రాసి, స్టాంపూ ముద్రా ఏదీ లేకుండా సంతకం పెట్టుకున్నాను.

ఆ కాగితం గుమాస్తాకి ఇవ్వకుండా, ఆ రోజు కొలిచిన సర్వేయరునే వెతికి పట్టుకున్నాను. నా ఈడువాడే. రోడ్డు పక్కన బండి ఆపుకుని టీ తాగుతున్నాడు. కాగితం రెండుసార్లు చదివాడు. దబాయిస్తాడనుకుని నేను గొంతు సవరించుకున్నాను. అతను టీ గ్లాసు బండి మీద పెట్టాడు.

"మధ్యాహ్నం పూట మిషన్‌లో కొలత నిలబడదని మాకూ తెలుసండి. ఎందుకో తెలీదంతే. రోజుకి ఇన్ని రాళ్ళు పాతాలంటారు పైనోళ్ళు. పచ్చలైటు వచ్చిందా, పాతేయడమేనండి."

తెలిసి పాతారా అని నడిరోడ్డు మీద అరిచాను. తిట్టాను కూడా. ఆ తిట్లు ఇక్కడ రాయను. అతను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఎల్లుండి పొద్దున ఏడింటికి చేను దగ్గరుండమన్నాడు, అర్జీ సంగతి తనే చూసుకుంటానన్నాడు.

అన్నట్టే వచ్చాడు. ఏడింటికి పై పొర పల్చగా ఉంటుంది. కర్ర నిలబెట్టిన కాసేపటికే కొలత కుదిరిందని మిషన్ కూత పెట్టింది. చూస్తే పాత గట్టు మీదే ఉన్నాం, నాలుగు వేళ్ళ తేడా కూడా లేదు. ఇంకో రెండుసార్లు కొలిచినా అక్కడే పడింది. రాయి పీకి గట్టు మీద పాతించాడు, కాగితం రాసి పక్క చేనాయన చేత వేలిముద్ర వేయించాడు. ఆయన తూము వైపు ఒకసారి చూసి, సరే అమ్మా అని పిన్నితో అని వెళ్ళిపోయాడు. నేను గెలిచాననుకున్నాను. ఎవరైనా మెచ్చుకుంటారేమోనని కూడా చూశాను, దాచుకోవడం ఎందుకు.

పిన్ని తెచ్చుకున్న సీసా నీళ్ళతో చేతులు కడుక్కుని వచ్చి నా పక్కన నిలబడింది.

"మధ్యాహ్నం కొలిస్తే తప్పొస్తదని నీకెప్పుడు తెలుసే?"

ఎనిమిదేళ్ళ నుంచి తెలుసన్నాను.

ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఎదురుగా చూసింది. చేలన్నీ ఖాళీగా ఉన్నాయి. కాలవ గట్టు దాకా కొత్త రాళ్ళు తెల్లగా కనిపిస్తున్నాయి.

"అయ్యన్నీ పొద్దున్నే పాతారంటావా? ఆళ్ళకెవరికీ కాలేజీలో పనిచేసే అక్క కూతురు లేదుగా."

దెప్పినట్టు అనలేదు. మామూలుగానే అడిగింది. పెద్ద సారుని అడిగిన మాటే తిరిగొచ్చి నాకు తగిలింది. పొలాలు మనకెందుకని ఆయన పైకి అన్నారు. నేను అననైనా అనకుండా ఎనిమిదేళ్ళు గీతలు గీసుకున్నాను. అప్పటిదాకా సారు మీద, గుమాస్తా మీద, ఈ సర్వేయరు మీద పంచిపెట్టిన కోపమంతా నా మీదికే వచ్చింది.

సర్వేయరు మిషన్ విప్పి సంచిలో పెట్టుకుంటున్నాడు. ఏ రాయి ఏ వేళకి పాతారో అందులో ఉంటుందా అని అడిగాను.

"నిమిషంతో సహా ఉంటుందండి," అన్నాడు. "ఇంతవరకూ ఎవరూ అడగలేదండి."