బలిపీఠం మీద తాలుకాయలు

రెండువేల సంవత్సరం వచ్చిన ఏడు మా చర్చి గోడ మీద అన్న తమ్ముణ్ణి చంపిన బైబిలు కథను బొమ్మగా వేయించారు. దేవుడు తమ్ముడి కానుక మెచ్చి తనది మెచ్చలేదని అన్నకు కోపం. వేసిన పెయింటరు పురుగుమందుల ప్రకటనలు రాసేవాడు. అన్న రైతు కనుక అతని బలిపీఠం మీద నిగనిగలాడే ఎర్ర మిరపకాయలు పోశాడు.

పంట కానుకలు తెచ్చే కోత పండుగ ఉదయం అది చూసి నాకు ఒళ్లు మండింది.

"ఏమయ్యా, ఇంత మేలైన కాయ ఇస్తే దేవుడెందుకు వద్దంటాడు? తాలు వెయ్యి."

"రంగు పోయిన కాయ గోడ మీద ఏం బాగుంటుంది మామ్మగారూ?" అని నవ్వాడు.

అంతలో నా పెద్దకొడుకు కానుక గంప దించాడు. పైన నాలుగు ఎర్రకాయలున్నాయి. కింద చెయ్యి పెడితే అన్నీ బూజు పట్టిన తాలే. మంచివన్నీ అమ్మకానికి మిర్చి యార్డుకు వెళ్లాయి. తాలు నేనూ పారెయ్యను, పచ్చట్లో నూరుకుంటాను. దేవుడికి మాత్రం పెట్టను.

చిన్నవాడు గుడ్లు పెట్టే కోడినే తెచ్చాడు. అందరూ మెచ్చుకున్నారు.

"బయల్దేరాడు పెద్ద భక్తుడు!" అని పెద్దవాడు పళ్లు కొరికాడు.

నేను గంపను పెయింటరు ముందు కుమ్మరించాను. "ఇదిగో, చూసి వెయ్యి."

"అమ్మా, పరువు తీస్తావేంటే!"

"ఉంటేగా తియ్యడానికి!"

చిన్నవాడు వంగి కాయలు ఎత్తబోతే పెద్దవాడు వాడి చెయ్యి విసిరికొట్టాడు. ఆ ఏడాదంతా తమ్ముడి గడప తొక్కలేదు. పరువు తీసింది నేను, పగ తమ్ముడి మీద. తలచుకుంటే ఇప్పటికీ రోతగానే ఉంటుంది.