ఆఖరి మండపం ముందు

నంద్యాలలో మా మిద్దె మీది గదిలో నా కంప్యూటర్ ఉండేది. నా స్నేహితుడిది ఆళ్ళగడ్డ, రాతి విగ్రహాలు చెక్కే ఇల్లు. ప్రతి ఆదివారం పొద్దున్నే బస్సెక్కి వచ్చేవాడు. ఇద్దరికీ కలిపి ఒకే ఆట. ఒకరు లేకుండా ఇంకొకరు ముందుకు పోకూడదని ఒప్పందం. పెళ్ళిళ్ళు కూడా ఇంత నిష్ఠగా సాగవు.

కూలిపోయిన రాజ్యంలో నడుచుకుంటూ ఆఖరి మండపం చేరాలి. కథ అంతే, మిగతాదంతా గ్రాఫిక్సే. తడిసిన గోడలు, వాటి మీద నీరెండ. నా కంప్యూటర్‌కు అంత స్తోమత లేదు. సెట్టింగులన్నీ అడుక్కి దించితే తప్ప నడవదు. నడిచినా దాని ఫ్యాను మోతకు, మిక్సీ ఆపమని మా అమ్మ కింద నుంచి కేకేసేది. శత్రువులు కత్తులు దూసుకుని వస్తాంటే, మావాడు గోడ దగ్గర నిలబడి ఉలి ఏ పక్కనుంచి పడిందో చూసేవాడు. మేము చచ్చినన్ని సార్లూ వాడి కళాదృష్టి వల్లే చచ్చాం. అయినా ఓర్చుకున్నా.

అట్లా నెలల తరబడి ఆడి, ఒక ఆదివారం మండపం ముందరి వసారాకు చేరాం. పైకప్పు మీదినుంచి ఒక రాక్షసి దూకింది. నేను కుర్చీతో సహా వెనక్కి పడ్డాను. ఆ పూట ఆడే వంతు మావాడిది. వాడు మాత్రం అది దూకకముందే ఆటలో కెమెరా పైకి తిప్పి ఉన్నాడు.

"నీకెట్ల తెలిసె?" అన్నాను, నేల మీదినుంచే.

ఆట ఆపేశాడు. కర్నూలులో వాళ్ళ చిన్నాయన కొడుకు కొత్త కంప్యూటర్ కొన్నాడట. రెండు వారాల ముందే అక్కడికి పోయి, మండపం దాకా ఆడి, అంతా చూసి వచ్చాడట.

"నీ దాంట్లో రాయి సబ్బుబిళ్ళ మాదిరి ఉంటాదప్పా. ఆడ రాయి రాయి మాదిరే ఉంది."

రెండు వారాలు. అంటే పోయిన ఆదివారం మండపంలో ఏముంటుందో ఊహించి చెప్పుకుందామని నాతో పందెం కట్టింది, అన్నీ చూసి వచ్చాకే. ఓడినోడు ఉగ్గాని బజ్జీ తినిపించాలి. తినిపించే యోగం నాదేనని వాడికి ముందే తెలుసన్నమాట.

వాళ్ళ నాయన చెక్కే షెడ్లో విగ్రహానికి కళ్ళు ఆఖరున తీరుస్తారు. చేయించుకున్నవాళ్ళు వచ్చి ఎదురుగా నిలబడేదాకా కళ్ళకు ఉలి తగిలించరు. నాకు ఆ సంగతి గర్వంగా చెప్పింది వీడే.

"మీ నాయన నెల్రోజులు ఆగుతాడే. నువ్వు ఆదివారం దాకా ఆగలేకపోతివా?"

"లేకపోతి," అన్నాడు. సాకు చెప్పి ఉంటే కొట్లాడేవాణ్ణి. చెప్పలేదు.

మండపం మొదట నువ్వే చూడు, నేను తిరిగి చూడనని కుర్చీ గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు. పెద్ద త్యాగమే. నేను రాక్షసి చేతిలో రెండుసార్లు చచ్చి, మూడోసారి దాన్ని చంపి, మండపం తలుపు ముందు నిలబడ్డాను.

"లోపలికి పోతానే ఎడమపక్క స్తంభం చూడప్పా," అన్నాడు గోడతో. "ఎండ దాని మీద పైనుంచి దిగుతాది. ముందు నర్తకి ముక్కు కనపడతాది, తర్వాత పెదవి..."

నేనింకా తలుపు తెరవనే లేదు.

ఆపమనలేదు. వెలుతురు ఆమె మెడ దిగి, గజ్జెల దాకా వచ్చి, ఒక్కో గజ్జె మీద ఆగిందంతా విన్నాను. తర్వాత కంప్యూటర్ ఆపేశాను. లోపల చూడడానికి ఇంకేమీ మిగల్లేదు. అంత బాగా చెప్పకపోయి ఉంటే, వాణ్ణి క్షమించేవాణ్ణేమో.